న్యూజెర్సీ పట్టణాల్లో ఎథిక్స్ బోర్డు ఏర్పాటు, పనితీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడిసన్, మన్రో, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు స్థిరపడి చాలాకాలమైంది. పిల్లల చదువులు, ఇంటి పన్నులు అనే దశ దాటి మనవాళ్లు ఇప్పుడు ప్లానింగ్ బోర్డుల్లో (నిర్మాణ దరఖాస్తులు పరిశీలించే స్థానిక సంఘాల్లో), టౌన్‌షిప్ కౌన్సిళ్లలో కూర్చుంటున్నారు. కూర్చున్నవారికి, వారిని ఎన్నుకున్నవారికి ఒకే రకమైన సందేహాలు వస్తున్నాయి. ఏది తప్పు, ఎవరిని అడగాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్న ఆ ప్రశ్నలకు చట్టంలో ఉన్నంతవరకు జవాబులు ఇక్కడ ఇస్తున్నాం. ఇది అవగాహన కోసం రాసినది మాత్రమే. మీ సొంత వ్యవహారంలో నిర్ణయం తీసుకునే ముందు న్యాయవాదిని సంప్రదించడం అవసరం.

ఎథిక్స్ బోర్డు అంటే ఏమిటి? అది ఏ చట్టం కింద పనిచేస్తుంది?

ఊరి పాలనలో పదవి ఉన్న వ్యక్తి తన సొంత లాభాన్నీ, ఊరి పనినీ కలిపేయకుండా చూసేందుకు ఏర్పడే చిన్న స్థానిక సంఘమే ఎథిక్స్ బోర్డు. న్యూజెర్సీ శాసనసభ 1991లో చేసిన స్థానిక ప్రభుత్వ నైతిక నియమాల చట్టం దీనికి ఆధారం. ప్రజాపదవి ప్రజలు నమ్మి అప్పగించిన బాధ్యత అనీ, సొంత ప్రయోజనానికీ పదవీ ధర్మానికీ పొత్తు కుదరడం లేదని జనానికి అనిపించినా పాలన మీద నమ్మకం దెబ్బతింటుందనీ ఆ చట్టం మొదట్లోనే చెబుతుంది. అసలు తప్పు జరిగిందా లేదా అన్నదానితో ఆగకుండా, చూసేవారికి ఎలా కనిపిస్తుందో కూడా లెక్కలోకి తీసుకోవాలన్న ఈ మాటను గుర్తుపెట్టుకుంటే, కింద చెప్పబోయే నియమాలు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

ప్రతి ఊరికీ ఈ బోర్డు తప్పనిసరిగా ఉండాలా?

తప్పనిసరి కాదు. రాష్ట్రంలో 564 మున్సిపాలిటీలు ఉన్నాయి. వాటిలో టౌన్‌షిప్‌లు, బరోలు, సిటీలు, టౌన్లు, విలేజ్‌లు అన్నీ ఉన్నా, ఈ చట్టం దృష్టిలో అన్నీ ఒకటే. బోర్డు పెట్టుకోవచ్చని చట్టం అనుమతిస్తుందే తప్ప పెట్టుకోవాలని ఆదేశించదు. బోర్డు లేని ఊళ్ల అధికారుల మీద ఫిర్యాదులు ట్రెంటన్‌లోని లోకల్ ఫైనాన్స్ బోర్డుకు వెళతాయి. అది రాష్ట్ర కమ్యూనిటీ అఫైర్స్ శాఖలోని స్థానిక ప్రభుత్వ సేవల విభాగానికి చెందినది. పేరులో ఫైనాన్స్ అని ఉండటంతో మున్సిపల్ అప్పులు, బడ్జెట్లు చూసే సంస్థగానే చాలామందికి తెలుసు. ఊళ్ల నైతిక నియమాల అమలు కూడా దాని పనే.

అంటే బోర్డు లేదు కాబట్టి నియమాలూ లేవని ఎవరూ అనుకోకూడదు. నియమాలు అన్ని ఊళ్లకూ వర్తిస్తాయి. తేడా వచ్చేది వాటిని ఎవరు అమలు చేస్తారన్న దగ్గరే.

మా ఊళ్లో బోర్డు పెట్టాలంటే ఏం చేయాలి?

ఊరి పాలకమండలి ఒక ఆర్డినెన్స్ చేయాలి. ఇక్కడ చిన్న వివరణ అవసరం. మన దేశంలో ఆర్డినెన్స్ అంటే సభ జరగనప్పుడు రాష్ట్రపతో గవర్నరో జారీ చేసే తాత్కాలిక చట్టం. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. కౌన్సిల్ బహిరంగంగా చదివి, ప్రజల అభిప్రాయం విని, ఓటు వేసి ఆమోదించే స్థానిక చట్టాన్నే ఆర్డినెన్స్ అంటారు. కాబట్టి బోర్డు కావాలని కోరుకునే పౌరులకు ఆ సభలో మాట్లాడే అవకాశం ఉంటుంది.

సభ్యులు ఎంతమంది? వారిని ఎవరు నియమిస్తారు?

ఆరుగురు. అందరూ ఆ ఊరి నివాసులై ఉండాలి. కనీసం ఇద్దరు సాధారణ ప్రజల తరఫు సభ్యులు కావాలి. ఒకే రాజకీయ పార్టీకి చెందినవారు ముగ్గురికి మించకూడదు. నిజాయితీపరులుగా నలుగురిలో స్థిరమైన పేరు, స్థానిక పాలన మీద అవగాహన ఉన్నవారినే ఎంపిక చేయాలని చట్టం చెబుతుంది. పదవీకాలం అయిదేళ్లు. అందరి గడువు ఒకేసారి ముగియకుండా మొదటి నియామకాల్లో కొందరికి తక్కువ కాలం ఇస్తారు. అధ్యక్షుణ్ణి సభ్యులే తమలోంచి ఎన్నుకుంటారు.

నియమించేది పాలకమండలే. ఈ ఏర్పాటులోని బలహీనత ఇదేనని మా అభిప్రాయం. రేపు తమ మీద వచ్చే ఫిర్యాదును విచారించవలసిన వారిని కౌన్సిల్ సభ్యులే ఇవాళ ఎంచుకుంటారు. పార్టీల పరిమితి, అయిదేళ్ల గడువు ఈ లోపాన్ని కొంతవరకు తగ్గిస్తాయి, పూర్తిగా పోగొట్టవు. అందుకే నియామకాలు జరిగే రోజున ఊరివాళ్లు సభకు వెళ్లి, ఎవరి పేరు ఎందుకు ప్రతిపాదిస్తున్నారో అడగడం ముఖ్యం. మూడేళ్ల తర్వాత ఏదో వివాదం వచ్చినప్పుడు బోర్డు నిష్పాక్షికత గురించి అడిగే ప్రశ్న కంటే ఆ రోజు అడిగే ప్రశ్నకు ఎక్కువ విలువ ఉంటుంది.

సభ్యులకు జీతం ఉంటుందా?

ఉండదు. పని మీద పెట్టిన ఖర్చులు మాత్రం తిరిగి ఇస్తారు. కార్యాలయ స్థలం, రికార్డులు భద్రపరిచే ఏర్పాటు, అవసరమైన సామగ్రి పాలకమండలి సమకూర్చాలి. బోర్డు సిబ్బందిని పెట్టుకోవచ్చు, ఊరి న్యాయవాదితో సంబంధం లేకుండా తనకంటూ వేరే న్యాయవాదిని నియమించుకోవచ్చు. ఈ ఖర్చులన్నీ కౌన్సిల్ కేటాయించిన నిధులకు లోబడే ఉండాలి. కేటాయింపు లేని బోర్డు ఉన్నా లేనట్టే. వేరే న్యాయవాది అవసరం కూడా ఉంది: కౌన్సిల్‌కు రోజూ సలహాలిచ్చే న్యాయవాదే కౌన్సిల్ సభ్యుడి మీద విచారణలోనూ సలహాలిస్తే ఎవరికీ నమ్మకం కలగదు కదా.

నియమావళి ఎవరు రాస్తారు?

బోర్డే రాస్తుంది. ఏర్పడిన 90 రోజుల్లోపు నియమావళిని తీర్మానం ద్వారా ప్రకటించాలి. దాని మీద బహిరంగ విచారణ పెట్టి ప్రజల మాట కూడా వినాలి. రాష్ట్ర చట్టంలోని నియమాలను యథాతథంగా తీసుకుంటే పని సులువు. వాటికి భిన్నంగా రాసుకుంటే మాత్రం లోకల్ ఫైనాన్స్ బోర్డు ఆమోదం కావాలి.

ఈ నియమాలు ఎవరికి వర్తిస్తాయి?

ఊరి అధికారులకూ, ఉద్యోగులకూ వర్తిస్తాయి. చట్టం ఈ రెండు మాటలను వేరువేరుగా వాడుతుంది. ఎన్నికైన ప్రతినిధులు, ఆర్డినెన్స్‌లు చేసే అధికారం గానీ నిర్మాణ దరఖాస్తులు ఆమోదించే అధికారం గానీ జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నియమాలు) నుంచి మినహాయింపులు ఇచ్చే అధికారం గానీ ఉన్న సంస్థల సభ్యులు, స్వతంత్ర స్థానిక అథారిటీల సభ్యులు, నిర్వహణ స్థాయి ఉద్యోగులు అధికారుల కిందికి వస్తారు. కాబట్టి జీతం లేకుండా, నెలకు ఒకటి రెండు సాయంత్రాలు మాత్రమే ప్లానింగ్ బోర్డులో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కూడా ఈ చట్టం దృష్టిలో అధికారే. “నాది ఉద్యోగం కాదు, సేవ” అన్న మాట ఇక్కడ చెల్లదు.

స్కూల్ బోర్డు సభ్యులు మాత్రం దీని పరిధిలోకి రారు. వారికి వేరే చట్టం, విద్యాశాఖలో వేరే స్కూల్ ఎథిక్స్ కమిషన్ ఉన్నాయి. రాష్ట్ర స్థాయి అధికారులను చూసేది స్టేట్ ఎథిక్స్ కమిషన్.

చేయకూడని పనులు ఏవి?

పదవీ ధర్మానికి గట్టిగా అడ్డుపడే వ్యాపారంలో గానీ లావాదేవీలో గానీ వృత్తిలో గానీ ఉండకూడదు. పదవిని అడ్డం పెట్టుకుని తనకు గానీ ఇతరులకు గానీ దక్కకూడని ప్రయోజనం సంపాదించకూడదు. పదవి వల్ల మాత్రమే తెలిసిన, ఇంకా జనానికి తెలియని సమాచారాన్ని సొమ్ము చేసుకోకూడదు. రోడ్డు ఏ వైపు విస్తరిస్తారో సమావేశంలో విని ఆ పక్క స్థలం కొనడం దీనికి ఉదాహరణ. తాను సేవచేసే ఊరి సంస్థ ముందున్న దరఖాస్తులో మరొకరి తరఫున వాదించకూడదు.

వీటన్నిటిలో ఎక్కువగా చిక్కులు తెచ్చే నియమం ఇంకొకటి ఉంది. తనకో, తన కుటుంబసభ్యుడికో, తనకు వాటా ఉన్న సంస్థకో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఆర్థిక లేదా వ్యక్తిగత సంబంధం ఉండి, ఆ సంబంధం వల్ల నిష్పాక్షిక నిర్ణయానికి భంగం కలుగుతుందని సహేతుకంగా అనుకోగలిగితే, ఆ విషయంలో అధికార హోదాలో పాలుపంచుకోకూడదు. నిష్పాక్షికత దెబ్బతిన్నదని రుజువు కానక్కరలేదు, అలా అనుకోవడానికి తగిన కారణం ఉంటే చాలు. నాకు నేను తెలుసు, నేను పక్షపాతం చూపను అని మనసులో ఎంత గట్టిగా నమ్మినా ఆ నమ్మకం ఇక్కడ సమాధానం కాదు.

చట్టం అనుమతించేవి కూడా ఉన్నాయి. తన వృత్తిలోని వారందరికీ సమానంగా అందే లాభం తనకూ అందితే తప్పు లేదు. పన్ను తగ్గిస్తే తన ఇంటి పన్నూ తగ్గుతుందని కౌన్సిల్ సభ్యుడు ఓటు మానుకోనక్కరలేదు. ఓటరు పని ఎంతవరకు వచ్చిందో కనుక్కోవచ్చు, దానికి ప్రతిఫలం మాత్రం తీసుకోకూడదు. తన సొంత ఇంటి వ్యవహారంలో తన తరఫున తానే మాట్లాడుకోవచ్చు.

దీపావళికి బిల్డర్ మిఠాయి పెట్టె పంపితే తీసుకోవచ్చా? ఎన్ని డాలర్ల వరకు ఫరవాలేదు?

ఇన్ని డాలర్ల వరకు క్షేమం అని గీత గీసే అంకె ఈ చట్టంలో లేదు. పదవీ నిర్వహణను ప్రభావితం చేయడానికే ఇస్తున్నారన్న అవగాహనతో ఏ బహుమతి, రుణం, సేవ, భవిష్యత్తులో ఉద్యోగం ఇస్తామన్న హామీ తీసుకున్నా తప్పే. కొందరు 400 డాలర్ల లోపు అయితే ఏమీ కాదంటారు. ఆ అంకె ఏటా ఇచ్చే ఆర్థిక వివరాల పత్రంలో చూపవలసిన బహుమతులకు సంబంధించినదే తప్ప అనుమతికి సంబంధించినది కాదు. పొరుగు రాష్ట్రం న్యూయార్క్‌లో 75 డాలర్లు, మసాచుసెట్స్‌లో 50 డాలర్లు అని ప్రత్యేక పరిమితులు ఉండటం వల్ల ఈ గందరగోళం వచ్చి ఉండవచ్చు.

చిన్ననాటి స్నేహితుడు పండక్కి ఇచ్చే మిఠాయికీ, వచ్చే నెల మీ బోర్డు ముందుకు దరఖాస్తుతో రాబోయే వ్యక్తి పంపే మిఠాయికీ తేడా పెట్టెలోని వస్తువులో ఉండదు. ఇచ్చినదాన్ని కాదనడం మనలో అమర్యాద కాబట్టి మొహమాటం నిజమైన ఇబ్బందే. “అన్నా, మీ దరఖాస్తు మా దగ్గర ఉన్నంతకాలం మీ నుంచి ఏమీ తీసుకోకూడదు, ఏమీ అనుకోకండి” అని చెప్పి తిప్పిపంపితే అర్థం చేసుకోని పెద్దమనిషి ఉండడు.

కుటుంబం అంటే ఎవరెవరు? వాటా అంటే ఎంత?

ఈ చట్టం ప్రకారం దగ్గరి కుటుంబం అంటే అదే ఇంట్లో ఉండే జీవిత భాగస్వామి, తమ మీద ఆధారపడిన పిల్లలు. సంస్థలో వాటా అంటే దాని లాభాల్లో, ఆస్తుల్లో, లేదా షేర్లలో 10 శాతానికి మించిన యాజమాన్యం లేదా నియంత్రణ.

మన కుటుంబాల లెక్కలో ఇది చాలా ఇరుకైన నిర్వచనం. బావమరిది, పెదనాన్న కొడుకు, వియ్యంకుడు ఇందులో లేరు. అలాగని వారి దరఖాస్తుల మీద ఓటు వేయవచ్చని తొందరపడకూడదు. చట్టంలో రాసిన నియమాలతోపాటు న్యాయస్థానాలు దశాబ్దాలుగా ఏర్పరచిన సూత్రాలు కూడా వర్తిస్తాయి. 1993లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక కేసులో విరుద్ధ ప్రయోజనాలను నాలుగు రకాలుగా విడదీసింది: ప్రత్యక్ష ఆర్థిక ప్రయోజనం, పరోక్ష ఆర్థిక ప్రయోజనం, ప్రత్యక్ష వ్యక్తిగత ప్రయోజనం, పరోక్ష వ్యక్తిగత ప్రయోజనం. బంధువుకో దగ్గరి స్నేహితుడికో మేలు జరిగే సందర్భం మూడో రకంలోకి వస్తుంది. డబ్బు చేతులు మారనక్కరలేదు.

నేను గుడి ట్రస్టీని. గుడికి సంబంధించిన దరఖాస్తు మా బోర్డు ముందుకు వస్తే?

మనవాళ్లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. 2015లో మాంట్‌క్లెయిర్ టౌన్‌షిప్‌కు సంబంధించిన కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాదాపు ఇదే విషయాన్ని పరిశీలించింది. ఒక చర్చి పక్క స్థలంలో వృద్ధుల నివాసం కట్టడానికి వీలుగా ఊరి ప్రణాళికను మార్చారు. ఆ మార్పు మీద ఓటు వేసినవారిలో మేయరు, మరొక కౌన్సిల్ సభ్యుడు ఆ చర్చికి చెందినవారు. నిర్మాణ దరఖాస్తు వచ్చినప్పుడు 200 అడుగుల లోపు ఆస్తి ఉన్నవారికి నోటీసు ఇవ్వాలని భూవినియోగ చట్టం చెబుతుంది. కాబట్టి అంత దగ్గర ఉన్న చర్చికి ఆ విషయంలో ప్రయోజనం ఉన్నట్టేనని కోర్టు భావించింది. మరి ఆ ప్రయోజనాన్ని అక్కడికి ప్రార్థనకు వెళ్లే ప్రతి ఒక్కరికీ అంటగట్టవచ్చా అన్నది తరువాతి ప్రశ్న.

కాదని కోర్టు చెప్పింది. కేవలం సభ్యత్వం ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. ట్రస్టీ వంటి నిజమైన నాయకత్వ స్థానంలో ప్రస్తుతం ఉన్నవారు, త్వరలో ఆ స్థానం చేపట్టబోతున్నవారు మాత్రం తప్పుకోవాలి. ఎంతో ఆలోచించి గీసిన గీత ఇది. సంఘ జీవితంలో పాల్గొనేవారందరినీ పక్కన పెడితే చిన్న ఊళ్లలో బోర్డులకు మనుషులే దొరకరు. నాయకులను కూడా వదిలేస్తే నియమానికి అర్థమే ఉండదు.

దీన్ని మన సందర్భానికి అన్వయించుకుంటే, శనివారం గుడికి వెళ్లి అర్చన చేయించుకునే ప్లానింగ్ బోర్డు సభ్యుడు గుడి పార్కింగ్ దరఖాస్తు మీద కూర్చోవచ్చు. గుడి ట్రస్టీ, కోశాధికారి వంటివారు కూర్చోకూడదు. తెలుగు సంఘం కార్యవర్గంలో ఉన్నవారు సంఘ భవనం విషయంలో ఇదే పద్ధతి పాటించాలి. మరి ఆ గుడికి పెద్ద విరాళం ఇచ్చిన భక్తుడి సంగతి? గుడి గోడ మీద ఆయన పేరు చెక్కి ఉంటే చూసేవారికి ఏమనిపిస్తుందో ఆయనే ఆలోచించాలి. ఇలాంటి సందర్భాల కోసమే ముందుగా అభిప్రాయం అడిగే ఏర్పాటు ఉంది, దాని గురించి కింద చెప్పాం.

దరఖాస్తుదారు మా ఫ్యామిలీ డాక్టర్ అయితే?

2019లో గార్‌ఫీల్డ్ నగర జోనింగ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు దీనికీ జవాబిచ్చింది. సభ్యుడికి గానీ ఆయన దగ్గరి కుటుంబానికి గానీ ఆ డాక్టరుతో చెప్పుకోదగ్గ వైద్య సంబంధం ఉంటే తప్పుకోవాలి. ఎప్పుడో ఒకసారి జలుబుకు చూపించుకోవడానికీ, ఏళ్ల తరబడి వైద్యం చేయించుకోవడానికీ తేడా ఉంది. ఏ రోగానికి వైద్యం అన్నది సభలో చెప్పనక్కరలేదు. ఊరిలో ప్రాక్టీసు చేసే తెలుగు డాక్టర్లు, వారి రోగులుగా ఉన్న బోర్డు సభ్యులు ఇద్దరూ తెలుసుకోవలసిన తీర్పు ఇది.

తప్పుకోవడం అంటే ఓటు వేయకుండా ఉండటమేనా?

అంతకంటే ఎక్కువ. చర్చలో మాట్లాడకూడదు, తోటి సభ్యులకు పక్కనుంచి చెప్పకూడదు, సిబ్బందిని పిలిచి అడగకూడదు. ఆ అంశం రాగానే తప్పుకుంటున్నట్టు రికార్డులో చెప్పి, సభ్యుల బల్ల దగ్గరి నుంచి లేచి వెళ్లడం మంచి పద్ధతి. ముప్పావుగంట ఉత్సాహంగా వాదించి చివర్లో “నేను ఓటు వేయను” అంటే అది తప్పుకోవడం కాదు. విరుద్ధ ప్రయోజనం ఉన్న ఒక్కరు పాల్గొన్నా, వారి ఓటు ఫలితాన్ని మార్చకపోయినా, మొత్తం నిర్ణయాన్నే కోర్టు కొట్టివేయవచ్చు. అప్పుడు నష్టపోయేది ఆ సభ్యుడు ఒక్కడే కాదు. ఏళ్ల తరబడి తిరిగిన దరఖాస్తుదారూ, ఇరుగుపొరుగూ, లాయర్ ఖర్చులు భరించే ఊరూ నష్టపోతాయి.

చాలామంది తప్పుకుంటే కోరం ఉండదన్న భయం అక్కరలేదు. ప్లానింగ్ బోర్డుకు జోనింగ్ బోర్డు నుంచి, జోనింగ్ బోర్డుకు ప్లానింగ్ బోర్డు నుంచి తాత్కాలికంగా సభ్యులను తెచ్చుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. కౌన్సిల్ విషయంలో మరో దారి లేనప్పుడు, కారణాన్ని బహిరంగంగా నమోదు చేసి, అవసర సూత్రం కింద ముందుకు వెళ్లడానికి న్యాయస్థానాలు ఒప్పుకుంటాయి.

తప్పు జరగక ముందే బోర్డును అడగవచ్చా?

అడగవచ్చు, అడగాలి కూడా. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉన్నవారు ఇది చదవాలని కోరుకుంటాం. తాను చేయబోయే పని నియమాలకు విరుద్ధమా కాదా అని ఏ అధికారి అయినా ఉద్యోగి అయినా ఎథిక్స్ బోర్డును సలహా రూపంలో అభిప్రాయం కోరవచ్చు. ఊళ్లో బోర్డు లేకపోతే లోకల్ ఫైనాన్స్ బోర్డును కోరవచ్చు. ఆ అభిప్రాయం మామూలుగా గోప్యంగానే ఉంటుంది. బయటపెట్టాలంటే మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. అడిగినవారి పేరు కూడా ప్రత్యేకంగా నిర్ణయిస్తే తప్ప బయటకు రాదు.

అడగడానికి మనవాళ్లు వెనకాడటం చూస్తుంటాం. అడిగితే మనలో ఏదో తప్పుందని అనుకుంటారేమోనన్న సంకోచం దీనికి కారణం. నిజానికి రికార్డులో ఉన్న ప్రశ్న మీ నిజాయితీకి సాక్ష్యం. ప్రశ్న రాసేటప్పుడు వాస్తవాలన్నీ పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే సగం చెప్పి తెచ్చుకున్న అభిప్రాయం మిగతా సగం బయటపడిన రోజున ఆదుకోదు. సమావేశం రేపనగా ఇవాళ అడిగితే బోర్డు కూడా చేయగలిగింది ఉండదు. జవాబు వచ్చేలోపే ఆ అంశం సభకు వస్తే అప్పటికి తప్పుకోవడమే క్షేమం.

ఏటా ఇచ్చే ఆర్థిక వివరాల పత్రంలో ఏముంటుంది?

అధికారులు ప్రతి ఏడాది ఏప్రిల్ 30లోగా ఇది దాఖలు చేయాలి. కొత్తగా పదవి చేపట్టినవారికి 30 రోజుల గడువు ఉంటుంది. ముందటి ఏడాదిలో తమకు, దగ్గరి కుటుంబానికి 2,000 డాలర్లకు మించి ఆదాయం వచ్చిన ప్రతి చోటునూ, ఒక్కొక్కరి నుంచి మొత్తం 400 డాలర్లకు మించి వచ్చిన బహుమతులనూ, 250 డాలర్లకు మించిన ఫీజులు, గౌరవ పారితోషికాలనూ, వాటా ఉన్న సంస్థలనూ, న్యూజెర్సీలోని స్థిరాస్తులనూ చూపాలి. ఎంత సంపాదించారన్నది రాయనక్కరలేదు, ఎక్కడి నుంచి వచ్చిందో రాస్తే చాలు. జీతం ఊరందరికీ తెలిసిపోతుందని భయపడి బోర్డు పదవి వద్దనుకునేవారికి ఈ మాట తెలియాలి. ఇవి ప్రజలు చూడగలిగే పత్రాలు.

ఫిర్యాదు ఎవరు చేయవచ్చు? ఎలా చేయాలి?

ఎవరైనా చేయవచ్చని చట్టం చెబుతుంది. ఓటు హక్కు ఉండాలనో పౌరసత్వం ఉండాలనో షరతు పెట్టలేదు. వీసా మీద ఉన్నవారు కూడా చేయవచ్చు. రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. సంతకం లేని ఉత్తరం ఫిర్యాదు కాదు. బోర్డుకు తానంతట తాను విచారణ మొదలుపెట్టే అధికారం కూడా ఉంది.

ఏ సమావేశంలో, ఏ తేదీన, ఎవరు, ఏం చేశారు, దాని వల్ల వారికి కలిగే ప్రయోజనం ఏమిటి అన్నవి వరుసగా రాసి, సమావేశపు మినిట్స్, ఆస్తి రికార్డులు వంటి కాగితాలు జతచేయాలి. ఆయన అవినీతిపరుడు, అందరికీ తెలుసు అని రాసిన పది పేజీల కంటే ఫలానా తేదీన ఫలానా దరఖాస్తు మీద ఓటు వేశారు, ఆ కంపెనీలో ఆయన భార్య ఉద్యోగి అని రాసిన పది వాక్యాలు బోర్డుకు ఉపయోగపడతాయి.

అందిన 30 రోజుల్లోపు బోర్డు రసీదు తెలిపి పరిశీలన మొదలుపెట్టాలి. తన పరిధిలోకి రాదనో, పసలేనిదనో, ఆధారం లేదనో తేలితే ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేసి ముగిస్తుంది. లేకపోతే ఆరోపణకు గురైనవారికి ఆరోపణ స్వరూపం, వాస్తవాలు తెలిపి, జవాబు ఇవ్వడానికి 30 రోజులు ఇస్తుంది. ఆ జవాబు చూశాక కూడా నియమం ఉల్లంఘన జరిగి ఉండవచ్చని సభ్యుల్లో మెజారిటీ భావిస్తే విచారణ పెడుతుంది. సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి సమన్లు ఇచ్చే అధికారం బోర్డుకు ఉంది. రాష్ట్ర సంస్థల విచారణలకు వర్తించే పద్ధతులనే ఇక్కడా పాటిస్తారు.

ఎన్నికల ముందు ప్రత్యర్థిని ఇబ్బంది పెట్టడానికి ఫిర్యాదు వేసి, దాని కాపీని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం చేయకూడని పని. తేలని ఆరోపణ కూడా మనిషి పేరుకు మచ్చ తెస్తుంది. నిజమైన ఫిర్యాదులను కూడా జనం అనుమానంగా చూసేలా చేస్తుంది.

నేను ఊరి ఉద్యోగిని. ఫిర్యాదు చేస్తే నా ఉద్యోగం పోతుందా?

చట్టవిరుద్ధమని సహేతుకంగా నమ్మిన పనిని బయటపెట్టిన ఉద్యోగి మీద కక్ష సాధించడాన్ని 1986 నాటి రాష్ట్ర చట్టం నిషేధిస్తుంది. అయినా ఫిర్యాదు చేసే ముందే ఉద్యోగ చట్టాలు తెలిసిన న్యాయవాదితో మాట్లాడటం మంచిది.

తప్పు రుజువైతే శిక్ష ఏమిటి?

కనీసం 100, గరిష్ఠం 500 డాలర్ల జరిమానా. ఉద్యోగిని గానీ నియమిత సభ్యుణ్ణి గానీ తొలగించమనో, సస్పెండ్ చేయమనో, స్థాయి తగ్గించమనో నియమించినవారికి సిఫారసు చేయవచ్చు. నిర్ణయం నచ్చనివారు 30 రోజుల్లోపు లోకల్ ఫైనాన్స్ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు, ఆపైన న్యాయస్థానాలు ఉన్నాయి.

లక్షల డాలర్ల నిర్మాణాల మీద ఓటు వేసేవారికి 500 డాలర్లు లెక్కా అని అడుగుతారు. ఆ ప్రశ్న సబబే, 1991 నాటి ఈ అంకెను శాసనసభ ఎప్పుడో పెంచి ఉండాల్సింది. అయితే ఊళ్లో పదిమందితో కలిసి బతికే మనిషికి జరిమానా మొత్తం కంటే నియమం తప్పాడని రాతపూర్వకంగా తేలడమే బరువుగా ఉంటుంది.

ఇది మన ఏసీబీ లాంటిదా?

కాదు. తెలుగు రాష్ట్రాల్లో అవినీతి నిరోధక శాఖ లంచం నేరాలను పట్టుకునే పోలీసు విభాగం. ఎథిక్స్ బోర్డు ఎవరినీ అరెస్టు చేయదు, దాడులు చేయదు. విచారణలో నేరం ఆనవాళ్లు కనిపిస్తే ఆ సమాచారాన్ని కౌంటీ ప్రాసిక్యూటర్‌కో అటార్నీ జనరల్‌కో పంపుతుంది. కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోవడం, పన్ను ఎక్కువగా ఉండటం, సభలో ఎవరో దురుసుగా మాట్లాడటం వంటివి కూడా దాని పని కాదు. వాటికి ఎన్నికలూ కోర్టులూ ఉన్నాయి.

పొరుగు రాష్ట్రాల్లో కూడా ఇలాగే ఉంటుందా?

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. న్యూయార్క్‌లో ప్రతి కౌంటీ, సిటీ, టౌన్, విలేజ్ నైతిక నియమావళిని చేసుకుని తీరాలి. అక్కడి స్థానిక బోర్డులో కనీసం ముగ్గురు ఉండాలి, ఎక్కువమంది బయటివారై ఉండాలి, ఒకరైనా ఆ ఊరి అధికారో ఉద్యోగో కావాలి. కనెక్టికట్‌లో ఊళ్లు తమ చార్టర్ ద్వారా గానీ ఆర్డినెన్స్ ద్వారా గానీ కమిషన్ పెట్టుకోవచ్చు. ప్రాథమిక ఆధారం తేలేవరకు ఫిర్యాదును గోప్యంగా ఉంచడం అక్కడి ప్రత్యేకత. మసాచుసెట్స్‌లో 1978లో ఏర్పడిన అయిదుగురు సభ్యుల రాష్ట్ర కమిషనే ఊళ్ల ఉద్యోగులనూ చూస్తుంది.

మా ఊళ్లో బోర్డు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? సభ్యత్వానికి ఎలా ప్రయత్నించాలి?

మున్సిపల్ క్లర్క్ కార్యాలయంలో అడగండి. ఇక్కడ క్లర్క్ అంటే గుమాస్తా కాదు, ఊరి రికార్డులు, ఎన్నికలు, సభల నోటీసులు చూసే ముఖ్య అధికారి. బోర్డు ఏర్పాటు ఆర్డినెన్స్, ప్రస్తుత సభ్యుల పేర్లు, గడువులు ఎప్పుడు ముగుస్తాయో అక్కడే తెలుస్తాయి. చాలా ఊళ్లు స్వచ్ఛంద బోర్డులకు దరఖాస్తు ఫారాలు పెడతాయి. ఖాళీ వచ్చినప్పుడు ఫారం నింపి, ఏ వృత్తిలో ఉన్నారో, ఊళ్లో ఏ సంస్థల్లో పదవులు ఉన్నాయో దాచకుండా రాసి ఇవ్వండి. బోర్డు సమావేశాల తేదీలు కూడా అక్కడే తీసుకుని, దరఖాస్తు పెట్టే ముందు ఒకటి రెండు బహిరంగ సమావేశాలకు వెళ్లి వెనక వరుసలో కూర్చుని చూడండి.